నాలుగడుగుల గొలుసు: పక్కింటి డాబా మీది కుక్క డైరీ

2025 ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. పందిట్లో పానకం తాగొచ్చి, మా ఆవిడ ఆరబెట్టిన ఊరమిరపకాయలు తిరగేయడానికి డాబా ఎక్కాను. మా విశాఖ కంచరపాలెంలో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు ఉంటాయి. పక్కింటి డాబా మా దానికంటే ఒక అడుగు కిందికి ఉంటుంది. రెండు పిట్టగోడల మధ్య సందు మూడడుగులు.

వాళ్ళ ట్యాంకు దిమ్మ పక్కన టైగర్ పడుకుని ఉంది. లాబ్రడార్‌కీ ఊరకుక్కకీ మధ్య రకం. లాక్‌డౌన్ రోజుల్లో ఆ ఇంటి అబ్బాయి బుట్టలో పెట్టుకుని తెచ్చాడు. నేను డాబా ఎక్కితే చాలు, వీధంతా వినపడేట్టు మొరిగేది. ఈరోజు తల ఎత్తి చూసి, మళ్ళీ దించేసుకుంది. దాని మొరుగుడు విని చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది. ఎన్ని రోజులైందో గుర్తులేదు. గోల తగ్గిందని సుఖంగా నిద్రపోయిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఏప్రిల్ 13, ఆదివారం

నాది పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గోడౌన్ రిజిస్టర్లు రాసే పని. ఏ సరుకు ఎప్పుడొచ్చింది, ఎన్ని బస్తాలు తడిశాయి అని రాస్తూనే పాతికేళ్ళు గడిచాయి. అందుకే దీనికీ ముందు ఒక రిజిస్టరే తెరిచాను. తేదీ, గంట, గిన్నెలో నీళ్ళు, తిండి, నీడ, లేచి నిలబడిందా లేదా. రోజుకి మూడుసార్లు, మా డాబా మీది నుంచే.

వారం లెక్క ఇది. మొత్తం 21 సార్లు చూస్తే 13 సార్లు గిన్నె ఖాళీ. తిండి ఏడు రోజుల్లో నాలుగు పూటలు కనిపించింది. ట్యాంకు నీడ ఉదయం 10.40కి దాని మీద నుంచి తప్పుకుంటుంది, మధ్యాహ్నం 2.50 దాకా తిరిగి రాదు. ఈరోజు సెలవు కాబట్టి కూర్చుని చూశాను. ఆ నాలుగు గంటలూ ట్యాంకు దిమ్మకి వీపు ఆనించి, ముక్కు ఇటుకల సందులో పెట్టుకుని ఉంది.

గొలుసు పొడవు కొలవడానికి లోపలికి వెళ్ళక్కర్లేకపోయింది. వాళ్ళ పిట్టగోడకి ప్లాస్టరింగ్ లేదు, ఇటుకలు లెక్కపెట్టొచ్చు. గొలుసు చివరిదాకా సాగి నిలబడితే ఐదు ఇటుకలు. సిమెంటు సందులతో కలిపి నాలుగడుగులు. మెడకి బెల్టు లేదు. గొలుసునే చుట్టి కొక్కెం పెట్టారు.

ఫొటోలు తీశాను. ఫోన్‌లో తేదీ, టైము పడేట్టు పెట్టుకున్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

సాయంత్రం పక్కింటి మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. కొడుకు ఓడ మీద పనిచేస్తాడు, ఈసారి ఎక్కి నాలుగు నెలలు. కూతురూ అల్లుడూ మేడ మీద వాటాలో ఉంటారు. మామ్మగారు కింద. కుక్క గురించి ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఈమధ్య టైగర్ మొరగడం లేదేంటండీ అన్నాను.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. "మొరగట్లేదా? నా మోకాళ్ళు మెట్లెక్కనివ్వట్లేదు నాయనా. పనమ్మాయి రెండు ముద్దలు పెట్టి వస్తన్నాననే సెప్తాది. ఎప్పుడో ఓసారి గొలుసు సప్పుడు వినబడితే, బానే ఉందిలే అనుకుంటన్నాను."

ఇంతవరకూ బాగానే చేశాను. ఇంటికొచ్చి చేసిందే తప్పు. కోపంలో ఒక వీడియోని వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. పది నిమిషాల్లో యాభై మెసేజీలు. "రాక్షసులు" అని ఒకరు, "ఇల్లు చూపించండి, మేం చూసుకుంటాం" అని ఇంకొకరు. రాత్రి తొమ్మిదికి అల్లుడుగారు మా గేటు దగ్గరికి వచ్చి, మా ఇంటి పరువు తీస్తారా, ఇకమీదట మా గుమ్మం తొక్కొద్దు అని చెప్పి వెళ్ళాడు. ఏప్రిల్ 17: వాళ్ళ డాబా తలుపుకి తాళం.

వీడియో తీసేశాను. తీసేసినంత మాత్రాన ఏమవుతుంది, అప్పటికే ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. ఒక్క మెసేజీతో మామ్మగారి ఇంటి తలుపు నా మొహాన నేనే వేసుకున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

లోపలికి దారి లేదు కాబట్టి గోడ మీది నుంచే ఏదో ఒకటి చేయాలి. లాయరు స్నేహితుడికి ఫోన్ చేస్తే, "గోడ మాత్రం దాటకు. నీ డాబా మీద నిలబడి ఏం చేసినా తర్వాత మాట్లాడుకోవచ్చు" అన్నాడు.

మోటారు పనిలో మిగిలిన ముప్పావు అంగుళం పీవీసీ పైపు పదడుగుల ముక్క ఉంది. ఒక చివర రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా అడుగు కోసి గరాటులా బిగించాను. మన వైపు ఎత్తు కాబట్టి వాలు దానంతట అదే వచ్చింది. పిట్టగోడ చువ్వకి జీఐ తీగతో కట్టి, అవతలి చివర గిన్నె మీదికి చూపించి నీళ్ళు పోశాను. నీళ్ళ జోరుకి అల్యూమినియం గిన్నె బోర్లాపడి దొర్లిపోయింది. పైపుని చూసి టైగర్ గొలుసు చివరికి పారిపోయి, అక్కడే వణుకుతూ నిలబడింది. చీపురుకర్ర అనుకుందేమో.

రెండోసారి చివర ఒక ఎల్బో పెట్టి, పాత బనీను గుడ్డ చుట్టాను. ధార మెత్తబడింది గానీ గిన్నె సమస్య అలాగే ఉంది. బరువైనది కావాలి. మట్టి మూకుడు తాడుతో దించితే దిమ్మకి తగిలి పగిలింది. ఆఖరికి మా ఇంటి ఇనప బూరెల మూకుడు. రెండు చెవుల్లోంచి తాడు దూర్చి, ఊయల దించినట్టు దించి, ఒక కొస వదిలి లాగేశాను. ఎక్కడ కూర్చోవాలో అక్కడే కూర్చుంది. మా ఆవిడ చూసింది. "సంక్రాంతికి బూరెలు మీ నెత్తి మీద వండుతాను" అని దిగిపోయింది.

నీళ్ళు నింపి మేం కిందికి వచ్చేశాం. గంట తర్వాత వెళ్తే మూకుడు సగం ఖాళీ.

ఏప్రిల్ 27, ఆదివారం

పైపులో నీళ్ళ చప్పుడు వింటే టైగర్ ఇప్పుడు లేచి వస్తోంది. నిన్న తోక ఒకసారి అటూ ఇటూ కదిలింది. రిజిస్టర్లో రాశాను.

పూర్ణా మార్కెట్‌లో పచ్చ ఎండవల మూడు మీటర్లు కొన్నాను. రెండు సరుగుడు కర్రలు మా పిట్టగోడకి కట్టి, అటు వైపు వాలేట్టు వల పరిచాను. రెండో రోజే సముద్రపు గాలికి లేచి కరెంటు తీగల మీద పడబోయింది. తాళ్ళు మానేసి ప్లాస్టిక్ ట్యాగులతో అరడుగుకొకటి చొప్పున బిగించాను. ఇప్పుడు పదకొండు నుంచి రెండు దాకా నీడ ఉంది. అల్లుడుగారు చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే ఈ వారానికి లాభం.

తిండి ఎదురింటి నర్సింగ్ అమ్మాయి బాధ్యత. పెరుగన్నం ఉండలు చేసి విసురుతుంది. ఆ అమ్మాయికి గురి బాగుంది, నాకు లేదు.

మే 11, ఆదివారం

ఇది టైగర్ సంగతి కాదు గానీ రాసిపెట్టుకుంటున్నాను. పిల్లల్తో ఆర్కే బీచికి వెళ్ళాం. సవారీ గుర్రాల్లో ఒకదానికి జీను పట్టీ కింద అరచేతి వెడల్పు పుండు. ఇంతకుముందైతే చూసేవాణ్ణి కూడా కాదు.

పుండు ఉన్న జంతువుని పనికి పెట్టడం 1960 జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11(1) బి క్లాజు కింద నేరం. బండ్లు లాగే, బరువులు మోసే జంతువులకి 1965 నియమాలు విడిగా ఉన్నాయి. రోజుకి తొమ్మిది గంటలు మించకూడదు, ఏకబిగిన ఐదు గంటలు మించకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు. సవారీ గుర్రానికి అవి వర్తిస్తాయా అంటే వాదించుకోవాలట. అయినా మన విశాఖలో ఆ 37 పెద్దగా పనికిరాదు. థర్మామీటరు 34, 35 దగ్గర కూర్చునే ఉంటుంది, ప్రాణం తీసేది ఉక్క. ఉక్కకి నియమం లేదు.

గుర్రం కుర్రాడితో మాట్లాడాను. "ఆదివారం ఆపేస్తే దాణా ఎవరిస్తారన్నా?" అన్నాడు. వాడికి పద్దెనిమిది కూడా ఉండవు, గుర్రం వాడిది కాదు. పుండుకి రాసే మందు కొనిచ్చాను, వారం ఆపుతానన్నాడు.

మే 18: వెళ్ళి చూశాను. అదే గుర్రం, పుండు మీద దుప్పటి ముక్క కప్పి, పిల్లాణ్ణి ఎక్కించుకుని పరుగెత్తుతోంది. నా మందు, నా మాట అంతవరకే పనిచేశాయి.

జూన్ 14, శనివారం

రెండు రోజులుగా వాసన. ఎలుక చచ్చిందేమో అనుకున్నాం. ఈరోజు పైపు చప్పుడుకి టైగర్ రాలేదు. మెడ చుట్టూ ఈగలు. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే గొలుసు కనిపించలేదు, చర్మంలోకి వెళ్ళిపోయింది. పుండులో ఏదో కదులుతోంది.

జూన్ 15, ఆదివారం

పరువు పక్కన పెట్టి మామ్మగారి ఇంటికి వెళ్ళాను. ఫోటో చూపించాను. ఆవిడ ఏడవలేదు. లేచి, గోడ పట్టుకుంటూ మేడ మెట్ల దాకా వెళ్ళి, కింది నుంచే అల్లుణ్ణి పిలిచి, "తాళం ఇవ్వు. ఇల్లు నా పేరునే ఉంది" అంది. తాళం వచ్చింది.

నర్సింగ్ అమ్మాయి, నేను, వీధి చివర ఆటో తమ్ముడు పైకి వెళ్ళాం. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుందని పశువుల డాక్టరమ్మ ఫోన్‌లో ముందే హెచ్చరించారు. గాజుగుడ్డతో మూతి చుట్టూ వదులుగా ముడివేసి చెవుల వెనక కట్టాం. గొలుసు కొక్కెం తుప్పుపట్టి రాలేదు, ఆటో తమ్ముడు కటింగ్ ప్లేయరుతో తెంపాడు. పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, సెలైన్‌తో కడిగి, డాక్టరమ్మ చెప్పిన పురుగుల స్ప్రే కొట్టాం. పురుగులు ఊపిరాడక బయటికి వస్తుంటే ఒక్కొక్కటే పట్టకారుతో తీసి డెటాల్ నీళ్ళ సీసాలో వేశాను. అరవై దాకా లెక్కపెట్టి వదిలేశాను. టర్పెంటైన్ పొయ్యమని కింద నుంచి ఎవరో సలహా ఇచ్చారు. పచ్చి పుండు మీద అది పోస్తే మంటకే చచ్చిపోతుందని డాక్టరమ్మ చెప్పారు.

ఇదంతా గంటన్నర. టైగర్ ఒక్కసారే విదిలించింది, గోరు నా ముంజేతి మీద గీసుకుంది.

జూన్ 16, సోమవారం

గోరు గీతే కదా, రక్తం కూడా రాలేదు కదా అని వదిలేయబోయాను. నర్సింగ్ అమ్మాయి ఊరుకోలేదు. నిన్న సబ్బుతో పావుగంట కడిగించింది, ఈరోజు రేబిస్ టీకాకి సర్కారు ఆసుపత్రికి పంపింది. ఉచితమే. రెండు భుజాలకీ చర్మంలోకి చిన్న సూదులు. ఈరోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. క్యాలెండర్ మీద సున్నాలు చుట్టాను: 16, 19, 23, జులై 14. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఎవరైనా ఇంజెక్షన్లు ముందే వేయించుకోవాలి, నాలా గీత పడ్డాక కాదు.

టైగర్ ఇంకా ఆ డాబా మీదే ఉంది. మందు వేయడానికి రోజూ పైకి వెళ్ళడానికి ఒప్పుకున్నారు, కుక్కని తీసుకెళ్ళడానికి మాత్రం ఒప్పుకోలేదు. "బావమరిది పన్నెండు వేలు పోసి కొన్నాడు. ఓడ దిగొచ్చి అడిగితే నేనేం చెప్పాలి?" అన్నాడు అల్లుడుగారు. ఆయన కోణం నుంచి అది నిజమే అనుకుంటా. కుక్క ఆయనది కాదు, తిట్లు మాత్రం ఆయనవే.

జూన్ 17, మంగళవారం

స్టేషన్‌కి వెళ్ళాను. రిజిస్టరు జిరాక్సు, 46 ఫొటోలు, డాక్టరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్. "ఏటండీ, కుక్క కోసం కంప్లయింటా?" అన్నారు హెడ్ కానిస్టేబుల్ గారు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగారు. కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ 13వ పేజీ దగ్గర ఆగి, "నీడ కూడా రాశారా" అన్నారు.

లాయరు స్నేహితుడు ముందే నూరిపోశాడు. జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11(1)లో ఎఫ్ క్లాజు: పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో అన్యాయంగా ఎక్కువసేపు కట్టి ఉంచడం. జి: ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని యజమాని తిప్పకపోవడం. హెచ్: చాలినంత తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం. 1960లో ఈ చట్టం రాసినవాళ్ళు టైగర్‌ని చూసే రాశారా అనిపించింది.

కానీ శిక్ష దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోతుంది. మొదటి తప్పుకి పది నుంచి యాభై రూపాయల జరిమానా. మూడేళ్ళలో మళ్ళీ చేస్తే పాతిక నుంచి వంద, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960 నాటి యాభై రూపాయలు ఇప్పటికీ యాభయ్యే. పెంచుతామని కేంద్రం 2022లో ముసాయిదా బయటపెట్టింది, అది ఇంకా చట్టం కాలేదు. టైగర్‌కి ఒక్క పురుగుల స్ప్రేనే అంతకు ఎన్నో రెట్లయింది.

పైగా ఈ క్లాజుల కింద పోలీసులు నేరుగా దర్యాప్తు మొదలుపెట్టలేరు. బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం) సెక్షన్ 174 ప్రకారం రాసుకుని, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటేనే ముందుకెళ్ళాలి. విషం పెట్టి చంపారు, కాలు నరికారు అంటే నేరాలకి శిక్షలు చెప్పే చట్టం బీఎన్‌ఎస్ 325 ఉంది, ఐదేళ్ళ దాకా జైలు. మెల్లగా ఎండలో చంపితే యాభై రూపాయలు.

అయితే రెండు సంగతులు మనకి పనికొస్తాయి. అదే 1960 చట్టం సెక్షన్ 34 ప్రకారం కానిస్టేబుల్ కంటే పై హోదా ఉన్న ఏ పోలీసైనా, హింస జరుగుతోందని నమ్మితే, జంతువుని స్వాధీనం చేసుకుని పశువైద్యాధికారికి చూపించొచ్చు. సెక్షన్ 36 ప్రకారం కేసు నేరం జరిగిన మూడు నెలల లోపు వేయాలి, ఆ తర్వాత వేయడం కుదరదు. మొదటిది హెడ్ కానిస్టేబుల్ గారికి చూపించాను. రెండోది నా రిజిస్టరు అట్ట మీద ఎర్ర సిరాతో రాసుకున్నాను.

"వస్తాను. కానీ 21 దాకా నన్నడగొద్దు" అన్నారు. 21న యోగా దినోత్సవం, ప్రధాని వస్తున్నారు, ఆర్కే బీచి నుంచి భోగాపురం దాకా జనం. ఊళ్ళో ఖాకీ చొక్కా ఉన్నవాళ్ళంతా బందోబస్తులో ఉన్నారు. జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు మాత్రం కాగితం మీద రాసిచ్చారు.

జూన్ 24, మంగళవారం

దిగింది.

హెడ్ కానిస్టేబుల్ గారు అన్నట్టే వచ్చారు, డాక్టరమ్మ కూడా. అల్లుడుగారికి సెక్షన్ 34 చదివి వినిపించి, "కేసు రాయమంటారా, కాగితం రాస్తారా?" అన్నారు. ఆయన కాగితం రాశాడు: మా బావమరిది తరఫున కుక్కని స్వచ్ఛందంగా ఫలానావారికి అప్పగిస్తున్నాను అని. ఓడ మీది నుంచి కొడుకు "ఓకే అంకుల్" అని వాట్సాప్ చేశాడు. ఇన్నేళ్ళు పెంచిన కుక్కకి రెండు మాటలు.

నాకు కేసు కావాలని ఉంది. యాభై రూపాయల కోసం కాదు, పేరు కాగితం మీద ఉండాలని. లాయరు స్నేహితుడు కూడా అదే అన్నాడు. కానీ కేసంటే ఈరోజు కుక్క దిగదు, దిగినా ఎక్కడ ఉంచాలన్నది ఇంకో పెద్ద తంతు. మామ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను కాగితానికే సరేనన్నాను.

టైగర్ మెట్లు దిగలేదు. పిల్లగా ఎత్తుకుని పైకి తీసుకెళ్ళారట, అప్పటి నుంచి మెట్టు మీద కాలు పెట్టలేదు. దుప్పటిలో పడుకోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. మామ్మగారు తల మీద చెయ్యి వేస్తే చెవులు రెండూ వెనక్కి వాల్చింది, నాకలా ఎప్పుడూ చేయలేదు. బాత్రూం తూకం మీద నేను ఎత్తుకుని ఒకసారి, ఒక్కణ్ణే ఒకసారి నిలబడి తీసేస్తే 17 కిలోలు. దాని ఎముకలకి 28 ఉండాలన్నారు డాక్టరమ్మ.

జులై 14, సోమవారం

నా ఆఖరి సూది అయింది.

టైగర్ మా పోర్టికోలో ఉంటోంది. మొదటి వారం తిండి విషయంలో ప్రాణం లాగేసింది. అంత ఆకలి చూస్తే చేతిలో ఉన్నదంతా పెట్టేయాలనిపిస్తుంది. అలా పెడితేనే ప్రమాదమట, ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే గుండె మీదికి వస్తుందట. గుప్పెడన్నం, గుడ్డు, పెరుగు, రోజుకి ఐదుసార్లు. రక్తపరీక్షలో పిడుదుల జ్వరం తేలింది. డాక్సీసైక్లిన్ 28 రోజులు. మాత్రని ఇడ్లీలో దాస్తే ఇడ్లీ తిని మాత్ర ఉమ్మేస్తుంది. బెల్లంలో పెడితే ఒప్పుకుంది. రోజూ బెల్లం వద్దన్నారు డాక్టరమ్మ. వేరుశనగ ముద్ద దగ్గర రాజీ కుదిరింది.

మెడ చుట్టూ పుండు ఆరుతోంది. అక్కడ ఇక వెంట్రుకలు రావు. బెల్టు మానేసి ఛాతీకి వేసే హార్నెస్ కొన్నాం.

సోమవారం కాబట్టి ఆసుపత్రి నుంచి నేరుగా కలెక్టరేట్‌కి వెళ్ళి అర్జీ ఇచ్చాను. జిల్లాకో జంతుహింస నిరోధక సంఘం ఉండాలని 2001 నియమాలు చెబుతున్నాయి. దాని ఫోన్ నంబరు ప్రతి స్టేషన్‌లో రాసిపెట్టాలనీ, సెక్షన్ 34 గురించి ఒక పేజీ తెలుగులో అతికించాలనీ అడిగాను. రసీదు తీసుకున్నాను. ఈ డైరీలో రసీదులు ఇప్పటికి ఐదు.

జులై 26, శనివారం

పశుసంవర్ధక శాఖ నుంచి ఒక అధికారి ఫోన్ చేసి తేదీలన్నీ అడిగారు. రిజిస్టరు ఉంది కాబట్టి తడుముకోకుండా చెప్పాను. "ఆ పేజీ మీరే రాసివ్వండి, చూస్తాం" అన్నారు. రాత్రి కూర్చుని ఒక పేజీ రాశాను. ఏది ఏ సెక్షన్, ఎవరు స్వాధీనం చేసుకోవచ్చు, ఎన్ని రోజుల్లో. లాయరు స్నేహితుడు నాలుగు చోట్ల దిద్దాడు. ఒక కాపీ హెడ్ కానిస్టేబుల్ గారికి ఇస్తే టేబులు అద్దం కింద పెట్టుకున్నారు. మిగతా స్టేషన్ల సంగతి ఇంకా తేలలేదు.

ఆగస్టు 24, ఆదివారం

టీ కొట్టు దగ్గర ఈ పదిహేను రోజులూ కుక్కల చర్చే. 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది, మొన్న 22న మార్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప. టైగర్ వీధికుక్క కాదు, ఈ తీర్పుతో దానికి సంబంధం లేదు. అయినా దత్తత తీసుకుంటామన్న ఇద్దరూ ఈ గొడవలో వెనక్కి తగ్గారు. బరువు 24.

సెప్టెంబరు 14, ఆదివారం

మా ఆఫీసు డ్రైవరు పెందుర్తి అవతల ఉంటాడు. పెంకుటిల్లు, పెరడు, మెట్లు లేవు. టైగర్ అక్కడికి వెళ్ళింది. అతనితోనూ ఒక కాగితం రాయించుకున్నాను: కట్టేయకూడదు, నెలకోసారి నేను చూడటానికి వస్తాను, కుదరకపోతే నాకే తిరిగివ్వాలి. "కుక్కకి అగ్రిమెంటేటి సార్" అని నవ్వి సంతకం పెట్టాడు.

బూరెల మూకుడు తెచ్చి ఇచ్చాను. మా ఆవిడ తీసుకోలేదు, దాంతో పాటే పంపించేయమంది.

సెప్టెంబరు 24, బుధవారం

టైగర్ దిగి ఈరోజుతో మూడు నెలలు, కేసు వేసే గడువు అయిపోయింది. అట్ట మీది ఎర్ర సిరా చూసి, ఏమీ చేయకుండా రిజిస్టరు మూసేశాను.

అక్టోబరు 26, ఆదివారం

తుఫాను వస్తోందంటున్నారు, మొంథా అట పేరు. హుద్‌హుద్ చూసిన ఊరు కదా, హెచ్చరిక రాగానే అందరూ డాబాల మీద ఎగిరిపోయేవన్నీ దించేస్తారు. నేనూ ఎండవల విప్పుతుంటే పక్కింటి డాబా కనిపించింది. టైగర్ వెళ్ళిన రోజు నుంచి ఆ తెగిన గొలుసు దిమ్మ చువ్వకి వేలాడుతూనే ఉండేది. ఇప్పుడు లేదు.

తుప్పు సామానువాడికి అమ్మేసి ఉంటారనుకున్నాను. మధ్యాహ్నం వాళ్ళ వరండాలోంచి సన్నగా ఏడుపు వినపడింది.

కొడుకు ఓడ దిగి వచ్చాడు. కూడా ఒక పిల్ల, బీగిల్ అట, రెండు నెలలది. గ్రిల్లుకి కట్టి ఉంది, మెడకి గుడ్డ చుట్టి దాని మీద అదే గొలుసు. తెగిన చోట కొత్త కొక్కెం.

"మీరు టైగర్‌ని తీసుకెళ్ళిపోయారు కదా అంకుల్. అమ్మకి తోడుగా ఉంటుందని" అన్నాడు. మంచి కుర్రాడే. పిల్లని ముద్దు చేస్తూనే మాట్లాడుతున్నాడు. టైగర్‌ని కూడా అలాగే ముద్దు చేశాడు, నేను చూశాను. జనవరిలో మళ్ళీ ఓడ ఎక్కుతాడు.

మూడేళ్ళలో రెండోసారి అయితే జైలు దాకా వెళ్ళొచ్చని చట్టం అంటోంది. కానీ మొదటిసారి కాగితం మీద లేదు. ఉన్నది "స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాను" అన్న కాగితం. దానికి సరేనన్నది నేనే. ఈ రెండోసారి ఎప్పటికైనా మొదటిసారే అవుతుంది.

నవంబరు 2, ఆదివారం

తుఫాను 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. మనకి వాన, గాలి, రెండు రోజులు కరెంటు లేదు. పైపు అలాగే ఉంది.

కరెంటు వచ్చాక కొడుకుని మా ఇంటికి పిలిచి రిజిస్టరు ఇచ్చాను. మామ్మగారూ వచ్చి కూర్చుంది. అతను ఏప్రిల్ 7 నుంచి ఒక్కో పేజీ చదివాడు. జూన్ 14 దగ్గర మూసేసి, "ఇది నాకెవరూ చెప్పలేదంకుల్" అన్నాడు. నేను వాట్సాప్‌లో ఫొటో పెట్టాను, అతను "ఓకే" అన్నాడు. ఆ మాట గుర్తు చేయలేదు. తెరిచి చూసి ఉండడు.

మామ్మగారే కదిపింది. "నువ్వు ఎల్లిపోతావు, నేను మెట్లెక్కలేను, బావకి కుక్కంటే పడదు. మరి దీన్ని ఎవరు సూస్తార్రా?" అతని దగ్గర జవాబు లేదు.

చివరికి కుదిరినవి ఇవి. పిల్ల మేడ మీదికి, డాబా మీదికి వెళ్ళదు, మామ్మగారితో కిందే ఉంటుంది. పొద్దున్న నర్సింగ్ అమ్మాయి తిప్పుతుంది, నెలకి ఇంత అని అతను ఇస్తాడు. టీకా కార్డు నా దగ్గర ఉంటుంది. జనవరిలోపు ఇది సాగకపోతే పిల్లని ఇంకో ఇంటికి ఇచ్చేయాలి. రాసుకున్నాం, ముగ్గురం సంతకం పెట్టాం. ఈసారి దాని కాపీ స్టేషన్‌లో పాత జీడీ నంబరుతో కలిపి ఇస్తానని అతని ముందే చెప్పాను. మొహం మాడింది గానీ కాదనలేదు.

గొలుసు అడిగి తీసుకున్నాను. తూకం వేస్తే కిలో నూట యాభై గ్రాములు. పిల్ల బరువు మూడున్నర కిలోలు.

రేపు సోమవారం పదింటికి రెండో టీకా. తనే తీసుకొస్తానన్నాడు. వస్తాడో లేదో చూడాలి.